మా గేటు ముందు ఆగిన డోలు

మా ఆయన గుర్రాన్ని కొనుక్కొచ్చిన రోజున నేను ఆయనతో మాట్లాడలేదు. దానికి ఉలవలు ఎవరు ఉడకబెట్టాలన్న ప్రశ్న వచ్చేదాకా అలాగే గడిచింది. ఉడకబెట్టాల్సింది నేనేనని ఇద్దరికీ తెలుసు కాబట్టి, ఆ తర్వాత మాట్లాడక తప్పలేదు.

మా చేపల చెరువులు కైకలూరు దాటాక, కొల్లేరు అంచున ఉన్నాయి. కాపురం ఏలూరులో. చెరువుల దగ్గర రెండు గదుల మకాం ఒకటి ఉంది. వానాకాలం వచ్చిందంటే చెరువుగట్టు నల్లమట్టి సబ్బులా జారుతుంది. ఒక సాయంత్రం బైకు జారి, ఆయన బైకుతో సహా చెరువులో పడ్డారు. భుజం కీలు తప్పింది. మళ్ళీ గట్టు మీద బైకెక్కితే పుట్టింటికి పోతానన్నాను. యాభై దాటిన దాన్ని, పుట్టింట్లో నాకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు. అయినా ఆ మాట ఇప్పటికీ పనిచేస్తుంది. ఆయన బుద్ధిమంతుడిలా తలూపారు. భుజం బాగవగానే తాడేపల్లిగూడెం వెళ్ళి, పెళ్ళి ఊరేగింపులకు గుర్రాల్ని అద్దెకిచ్చే ఒకాయన దగ్గర ఈ ఆడగుర్రాన్ని బేరం చేసుకుని వచ్చారు. ఇదేమిటండీ అంటే, బైకు వద్దన్నావుగా అన్నారు.

గోధుమరంగు గుర్రం. నుదుటి మీద తెల్లమచ్చ. ఆయన దానికి ఒక పేరు పెట్టుకున్నారు, ఇక్కడ రాయను. నన్ను పెళ్ళయిన కొత్తలో కూడా అంత ముద్దుగా పిలవలేదు. చెరువుల్లో పనికి వచ్చే ఆడవాళ్ళు నన్ను చూడగానే "ఏవండీ, మీ సవతి బావుందా అండీ?" అని పలకరించేవాళ్ళు. బావుందమ్మా, నాకంటే బాగా తింటోంది అనేదాన్ని.

ఊరేగింపుల్లో పెరిగింది కదా, దానికి ఒక అలవాటుంది. డోలు మీద దెబ్బ పడితే చాలు, ముందుకాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి ఆడుతుంది. డీజే పెట్టెల్ని లెక్కచెయ్యదు. వాటిపక్క నుంచి చెవి కూడా కదపకుండా పోతుంది. మనిషి చేత్తో కొట్టే డోలు అయితేనే దానికి పూనకం వస్తుంది. మా మకాం గేటు ముందున్న రోడ్డు, పక్క ఊరి నించి అమ్మవారి గుడికి పోతుంది. ఆ ఊళ్ళో ఎవరి పెళ్ళి జరిగినా మేళం మా ముందు నుంచే వెళ్ళాలి. అలాంటప్పుడు ఆయన దాన్ని గేటు దాకా తీసుకొచ్చి ఆడించేవారు. పెళ్ళివాళ్ళు సంబరపడేవాళ్ళు. నేను లోపలి నుంచి చూసి, ఈ వయసులో ఈయనకిదేం సరదా అని విసుక్కునేదాన్ని.

నా విసుగు ఎక్కడ ఆగిందో చెప్పాలి. ఒక వానాకాలం మధ్యాహ్నం ఆయన చేపల మేత చూసి వస్తానని గుర్రమెక్కి వెళ్ళారు. ఆయనకి షుగరుంది. పొద్దున్న మాత్ర వేసుకుని, టిఫిను సగం తిని లేచారు. నేను మకాం వాకిట్లో చేటలో బియ్యం ఏరుతుంటే గుర్రం గేట్లోంచి నెమ్మదిగా వచ్చింది. ఆయన దాని మెడ మీద వాలిపోయి ఉన్నారు. ఒళ్ళంతా చెమటలు, మాట లేదు. పంచదార నీళ్ళు పట్టించి, కారెక్కించి, ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపు నా ప్రాణం నాలో లేదు. షుగరు పూర్తిగా పడిపోయిందన్నారు. గట్టు మీద అలాగే జారిపడి ఉంటే ఏమయ్యేదో వాళ్ళు చెప్పలేదు, నేను అడగలేదు. తర్వాత అందరూ గుర్రం విశ్వాసం గురించి చెప్పుకున్నారు. నాకు మాత్రం తెలుసు, అది దాని ఉలవల వేళ. అందుకే ఇంటికి వచ్చింది. ఎందుకొస్తేనేం, నా మనిషిని వెంటబెట్టుకొచ్చింది. ఆ పూట నించి ఉలవల్లో బెల్లం కూడా వేయడం మొదలుపెట్టాను.

ఆ తర్వాత వచ్చిన మాఘమాసంలో దాని కాలు పోయింది. చెరువు అడుగున తీసిన మట్టిని గట్టు మీద కొత్తగా వేయించాం. ఆ మట్టి పైకి ఆరినట్టే ఉంది, లోపల మెత్తగానే ఉంది. ఆయన దిగి మోటారు దగ్గర ఏదో చూస్తున్నారు. పగ్గం వదిలేసి ఉంది. రోడ్డు మీద పెళ్ళి మేళం వచ్చింది. ఇది ఉన్నచోటే ఆడటం మొదలుపెట్టింది. గట్టు అంచు విరిగి ఎడమ ముందుకాలు మట్టిలో దిగబడింది. పైకి లాక్కోవడానికి అది ఒక్కసారిగా ఎగిరింది. మకాం దాకా మూడు కాళ్ళ మీద వచ్చింది. సాయంత్రానికి మోకాలి కింద, కాలి వెనకవైపు, ఉబ్బి పొంగింది. చెయ్యి పెడితే పొయ్యి మీంచి దించిన గిన్నెలా వేడి.

మా దగ్గర ఐసుకి కొదవ లేదు. చేపల లోడుకి తెచ్చే ఐసునే గోనెసంచిలో పోసి కాలికి చుట్టాం. కైకలూరు పశువుల డాక్టరు గారు వచ్చి తడిమి చూసి, "నేను గేదెల డాక్టర్నమ్మా, ఇది నా చేతిలో పని కాదు" అన్నారు. ఆయనే హైదరాబాదులో పందెపు గుర్రాల్ని చూసే ఒక డాక్టరమ్మకు ఫోన్ చేశారు. మరో పక్క బేరగాళ్ళకు కూడా కబురందింది. కుంటి గుర్రాన్ని కొనేవాడు దాన్ని ఎక్కడికి తీసుకెళతాడో ఎవరూ నోటితో చెప్పరు. ఒకతను గేటు దగ్గర నిలబడి, మీరు సరేనంటే ఇప్పుడే లారీ తెస్తానండీ అన్నాడు. మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా పంపించాను.

డాక్టరమ్మ చిన్న స్కానింగు పెట్టెతో వచ్చింది. కాలి వెనక వెంట్రుకలు గొరిగి, జెల్లు పూసి, తెర మీద మాకు చూపించింది. కండని ఎముకకి కట్టి ఉంచే గట్టి తాడులాంటిదాన్ని టెండాన్ అంటారట. అది తెల్లగా కనిపించాలి. నడిమధ్యన నల్లగా ఒక గుంట ఉంది. అక్కడ పోచలు తెగిపోయాయంది. ఊరికే వదిలేస్తే అది మచ్చకట్టి మానుతుంది, కానీ మచ్చకి సాగే గుణం ఉండదు కాబట్టి మళ్ళీ అక్కడే తెగుతుంది. స్టెమ్ సెల్స్ అంటారే, ఆ మూలకణాల వైద్యం చేస్తే పాత పోచలకి దగ్గరగా ఉండే పోచలు రావడానికి అవకాశం ఎక్కువ. పని చేసి తీరుతుందని మాత్రం మాటివ్వలేనంది. ఆ మాట అన్నందుకే నాకు ఆవిడ మీద గురి కుదిరింది.

గుర్రానికి మత్తిచ్చి, రొమ్ము ఎముకలోంచి మూలుగ తీశారు. నిలబడే తూగుతోంది పాపం. ఆ మూలుగలోంచి కణాల్ని వేరు చేసి, లేబులో కొన్ని వారాలు పెంచి, దాని కణాల్నే దాని కాల్లోకి ఎక్కిస్తారట. మచ్చ గట్టిపడకముందే ఎక్కించాలి. ఇవి పాడైతే మళ్ళీ మూలుగ తీసి, మళ్ళీ పెంచేసరికి ఆలస్యమైపోతుంది. ఇదంతా మాకు అర్థమయ్యేలాగే చెప్పింది ఆవిడ. చెప్పనిదల్లా మా డ్రైవరుకి.

మా డ్రైవరు పాతికేళ్ళుగా చేపల లోళ్ళు తోలినవాడు. కణాలు విమానంలో గన్నవరం వస్తే తీసుకురమ్మని అతన్ని పంపాం. థర్మోకోలు పెట్టె, చల్లగా ఉండాలి, జాగ్రత్త, అన్నాం. అంతకంటే చెప్పలేదు. అతను పెట్టె తీసుకుని బయల్దేరాడు. దారిలో మూత తీసి చూస్తే లోపల ఐసు లేదు, మెత్తబడిన నీలం సంచులేవో ఉన్నాయి. థర్మోకోలు పెట్టెలో ఐసు లేకపోవడం అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. తిన్నగా కైకలూరు ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళి, చితక్కొట్టిన ఐసు అంచుదాకా దట్టించి, పైన ప్లాస్టిక్కు పట్టా కప్పి, తాడుతో బిగించి, మా ముందు పెట్టాడు. ఎంత శ్రద్ధగా కట్టాడంటే ఆ పెట్టె కలకత్తా దాకా పోయేలా ఉంది.

డాక్టరమ్మ మూత తీసి, గబగబా ఐసుని పక్కకి తోడింది. గడ్డకడితే కణాలు చచ్చిపోతాయట. నేను డ్రైవరుని ఎన్ని మాటలన్నానో నాకే గుర్తులేదు. ఆవిడ నన్ను ఆపి, అతన్ని నెమ్మదిగా ఒకటే అడిగింది.

"ఐసులో ఉప్పు కలిపారా?"

"మంచినీళ్ళ ఐసేనండీ. ఉప్పు మేమెందుకు కలుపుతామండీ?" అన్నాడు అతను, ఇన్ని తిట్లలోనూ ఆ మాటకే నొచ్చుకుంటూ.

ఉప్పు కలిపితే ఐసు సున్నా కంటే కిందకి పోతుంది, కరుగుతున్న మంచినీళ్ళ ఐసు పోదు అని ఆవిడ చెప్పింది. పెట్టె లోపలున్న చిన్న థర్మామీటరు కూడా అదే చూపించింది. అయినా ఆవిడ ఊరుకోలేదు. ఒక చుక్క తీసి, నీలం రంగు మందు కలిపి, వెంట తెచ్చుకున్న మైక్రోస్కోపు కింద పెట్టింది. చచ్చిన కణాలు రంగు పీల్చుకుంటాయి, బతికినవి పీల్చుకోవు. నన్నూ చూడమంది. ఒక కన్ను మూసి చూశాను. ఎక్కడో ఒకటీ అరా నీలం చుక్కలు. మిగతావన్నీ తేటగా, గుండ్రంగా, సగ్గుబియ్యంలా. నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. లోపలికెళ్ళి డ్రైవరుకి కాఫీ కలిపి, పెద్దగ్లాసు నిండా తెచ్చిచ్చాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు, కాఫీ ఇవ్వడం చేతనవును.

తెర మీద చూసుకుంటూ ఆవిడ సూదిని ఆ నల్లగుంటలోకి దింపి, కణాలని ఎక్కించింది. కొద్దిసేపట్లో అయిపోయింది. అసలు కష్టం తర్వాత మొదలైంది. గుర్రం పాకలోంచి కదలకూడదు. కొన్నాళ్ళయ్యాక రోజూ కాస్త కాస్త, గట్టి నేల మీద, చేత్తో పట్టుకుని నడిపించాలి. చెరువుగట్టు ఎక్కకూడదు. పరిగెత్తకూడదు, ఎగరకూడదు. నేను ఏలూరు ఇంటికి తాళం వేసి మకాంకి వచ్చేశాను. రోజూ సాయంత్రం చేతి వెనకవైపుతో ఆ కాలు తడిమి చూసేదాన్ని. పిల్లలకి జ్వరం చూసేది అలాగే కదా. వేడి ఉందంటే లోపల ఏదో తేడా ఉన్నట్టే. మొదట్లో వెచ్చగా ఉండేది. రానురాను తగ్గుతూ వచ్చింది.

అప్పుడు వైశాఖం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి.

మొదటి మేళం రోడ్డు మలుపులో ఉండగానే ఇది పాకలో కాళ్ళెత్తడం మొదలుపెట్టింది. నేనూ ఆయనా చెరో పక్కా పట్టుకుని వేలాడితే ఆగింది. ఆ సాయంత్రం కాలు మళ్ళీ వేడెక్కింది. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, అలాంటివి ఇంకో రెండు జరిగితే చేసిందంతా వృథా అంది. ప్రతి పెళ్ళికీ మత్తు ఇస్తూ పోలేమంది. చెవుల్లో దూది పెట్టి చూశాం, విదిలించి పారేసింది. లారీలో ఎక్కించి వేరేచోటికి తీసుకెళ్ళే స్థితిలో కాలు లేదు. పక్క ఊళ్ళో మా తర్వాతి పొలం రైతుగారి అమ్మాయి పెళ్ళి దగ్గర పడింది. ఇంక మిగిలిన దారి ఒకటే, వాళ్ళనడగడం. నేను అడగలేనన్నారు మా ఆయన. పెళ్ళివారి ఇంటికెళ్ళి మేళం ఆపమని ఏ మొహంతో అడుగుతామన్నారు.

నేనే వెళ్ళాను. రైతుగారి భార్య బొట్టు పెట్టి, కాఫీ ఇచ్చి, శుభలేఖ నా చేతిలో పెట్టింది. శుభలేఖ చేతిలో పట్టుకుని విషయం చెప్పాను. మా గేటుకి ఇవతల నుంచి అవతల దాకా, ఆ కాస్త దూరం మేళం ఆపమని. మంచం మీద కూర్చున్న పెద్దావిడ, రైతుగారి తల్లి, పిల్ల మీద అక్షింతలు పడకముందు దారిలో మేళం ఆగడం శుభం కాదమ్మా అంది. కోపంగా అనలేదు. అలా అనుంటే నేనూ రెండు మాటలు అనేదాన్ని. మెత్తగా అనేసరికి లేచి వచ్చేశాను. దారంతా నా మీద నాకే మంటగా ఉంది. నా ఇంట్లో పెళ్ళికి ఎవరైనా ఇలా వచ్చి అడిగితే నేను గుమ్మం దాటనిచ్చేదాన్నా?

మర్నాడు పొద్దున్నే ఆ రైతుగారు మా గేటు దగ్గరికి వచ్చారు. లోపలికి వచ్చి, పాకలోకి వంగి, గొరిగిన కాలుని, కట్టుని చాలాసేపు చూశారు. గుర్రం ఆయన జేబు వాసన చూసింది.

"మేళం ఆగకూడదండీ, మా అమ్మ ఒప్పుకోదు," అన్నారు. "డోలు ఆపి సన్నాయి ఒక్కటే వాయిస్తే మేళం ఆగినట్టు కాదు కదండీ. రాత్రి మా అమ్మనడిగాను, సరేనంది."

ఆయన మా ఆయనవైపు తిరిగి వాన గురించి, చేపల మేత రేటు గురించి మాట్లాడి వెళ్ళిపోయారు.

పెళ్ళిరోజు పొద్దున్న నేను పాకలో గుర్రం తల దగ్గర నిలబడ్డాను. డోలు మలుపులో వినిపించింది. ఇది చెవులు నిక్కబొడిచి ఒక గిట్ట ఎత్తింది. నా గుండె కూడా లేచింది. అంతలో డోలు ఆగిపోయింది. సన్నాయి ఒక్కటే వస్తోంది. తాళం లేని సన్నాయి నేనెప్పుడూ వినలేదు. దాని వెనక చెప్పుల చప్పుడు, చీరల గరగర, ఎవరో పసిపిల్లని ఉష్ అనడం, అన్నీ వినిపిస్తున్నాయి. కారులో పెళ్ళికూతురు తల వంచుకుని కూర్చోవాల్సింది పోయి, మెడ సాచి మా పాకవైపు చూసింది. గుర్రం ఎత్తిన గిట్ట దించి, నా పమిటచెంగు నమలడం మొదలుపెట్టింది. వాళ్ళు మా ప్రహరీ దాటాక డోలు అందుకుంది. ఆ పిల్ల చల్లగా ఉండాలని అప్పుడు నేను మొక్కుకున్నంతగా వాళ్ళ నాయనమ్మ కూడా మొక్కుకుని ఉండదు.

ఆ తర్వాత ఏ పెళ్ళికీ నేను వెళ్ళి అడగాల్సిన పని లేకపోయింది. మేళంవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు. మా గేటు వచ్చేసరికి డోలు ఆగేది, సన్నాయి సాగేది. శ్రావణంలోనూ అంతే. అమ్మవారికి సంబరాలు తీసుకెళ్ళే డప్పులవాళ్ళు కూడా మా ముందు చేతులు కట్టుకుని నడిచేవాళ్ళు. కొత్తవాళ్ళెవరో, ఈ ఇంట్లో ఏదైనా జరిగిందా అండీ అని అడిగితే, గుర్రం పడుకుందిలెండి అని చెప్పారట. ఆ మాట ఊళ్ళన్నీ తిరిగి నా దగ్గరికే వచ్చింది.

నేను దాన్ని రోజూ తారురోడ్డు మీద నడిపించాను. మొదట గేటు నించి కరెంటు స్తంభం దాకా, తర్వాత కాలవ వంతెన దాకా. చెరువుల ఆడవాళ్ళు ఎదురొచ్చి, సవతిని షికారుకి తిప్పుతున్నారా అని ఏడిపించేవాళ్ళు. మళ్ళీ మాఘం వచ్చేసరికి డాక్టరమ్మ చివరి స్కానింగు చేసింది. నల్లగుంట లేదు. అక్కడ తెల్లటి పోచలు, చాపలో తుంగపోచల్లా వరసగా ఉన్నాయి. పూర్తిగా పాత కాలు అనను, పనికొచ్చే కాలు అంటాను అంది. అన్ని గుర్రాలకీ ఇలా రాదని కూడా చెప్పింది. గట్టి నేల మీద ఆయన ఎక్కి తిరగొచ్చు. ఇంక దాన్ని కట్టేసి కూర్చోబెట్టకండి అని నావైపే చూసి చెప్పింది.

ఆయన ఎక్కారు, తిరిగారు. నాకు మాత్రం ధైర్యం రాలేదు. మేళం వచ్చిన ప్రతిసారీ దాన్ని పాకలోకి తోలి, తల పట్టుకుని నిలబడేదాన్ని. కాలు నయమైందని గుర్రానికి తెలిసింది, ఈవిడకి తెలియలేదు అనేవారు మా ఆయన.

ఒక ఉదయం నేనూ మా ఆయనా వాకిట్లో ఉన్నాం. గుర్రం గేటు దగ్గర, సిమెంటు చేసిన చోట, కట్టకుండా నిలబడి ఉంది. మేళం మలుపు తిరిగింది. లోపలికి తోలే వ్యవధి లేదు. డోలతను అలవాటు ప్రకారం మా గోడ మొదట్లోనే పుల్ల పైకెత్తి ఆపేశాడు. సన్నాయి మాత్రం వస్తోంది. గుర్రం మెడ చాచి, చెవులు రెండూ ఆ డోలు మీదే పెట్టి, ఎదురుచూస్తూ ఉంది. ఏడాదిగా దానికి వినిపించకుండా నేనాపినది అక్కడ, ఆ పైకెత్తిన చేతిలో ఉంది. నేను గేటు దాకా వెళ్ళాను.

"వాయించండి బాబూ," అన్నాను.

అతను నావైపు, మా ఆయనవైపు చూసి, దెబ్బ వేశాడు. అది ఎడమ కాలే ముందెత్తింది. ఎత్తి, ఒక్క క్షణం గాల్లో ఉంచి, బరువంతా మోపి దించింది. సిమెంటు మీద గిట్ట చప్పుడు గట్టిగా, నిండుగా వినిపించింది. తర్వాత కుడికాలు. మళ్ళీ ఎడమ. పెళ్ళివాళ్ళు ఆగిపోయి చూస్తున్నారు. నేను గోడ వారన కూర్చుండిపోయాను.

సాయంత్రం ఉలవలు పెట్టి, పక్కన చతికిలబడి, చేతి వెనకవైపుతో కాలు తడిమాను. మోకాలి కింద నుంచి గిట్ట దాకా, నెమ్మదిగా, రెండుసార్లు. మా ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

చల్లగా ఉందండీ, అన్నాను.